బడి రోడ్డు చెట్లు, నాగమణి ఊపిరి

ఈ వేసవిలో అనూష అనే అమ్మాయి మా ఇంటికొచ్చింది. మా మున్సిపాలిటీలో పార్కుల పనికి కొత్తగా చేరింది. మొక్కల శాస్త్రం చదువుకున్న పిల్ల. నేను చదివింది అది కాదు. ఇంటర్ తప్పి, నర్సరీలో సంచులకు మట్టి నింపే పనిలో చేరి, పార్కుల సూపర్‌వైజరుగా దిగిపోయినవాణ్ణి. "సార్, మీ అనుభవంలో ముఖ్యమైనవి చెప్పండి, రాసుకుంటా" అని నోటుపుస్తకం తెరిచింది. ఎండల గురించి రెండు ముక్కలు మాట్లాడి పంపించేశాను. ఆ పిల్ల వెళ్లాక మా ఆవిడ "రోజూ చెట్ల గురించి నా చెవులు చిల్లులు పడేట్టు చెప్తారు. అడగొచ్చిన పిల్ల ముందు మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు" అని దెప్పింది.

అందుకని రాస్తున్నాను. ఎప్పుడు చేరానో, ఎప్పుడు ప్రమోషనొచ్చిందో, ఏ ఫైలు ఎక్కడ ఆగిందో రాయను. వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఊరి పేరు కూడా రాయను. పల్నాడులో సున్నపు బట్టీలూ కంకర క్రషర్లూ ఉన్న ఊళ్లలో ఒకటనుకోండి. ఒక్క రోడ్డు గురించి, ఆ రోడ్డులో బడికి వెళ్లిన ఒక పిల్ల గురించి రాస్తాను. ఆ పిల్ల పేరు నాగమణి. దానికి ఉబ్బసం. అది తల్లి దగ్గర మా ఊళ్లోనే ఉండగలదా, ఊరు వదిలి పోవాలా అన్నది నేను నాటించిన మొక్కల మీదా, కొట్టించిన మొక్కల మీదా ఆధారపడింది. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు. ఆ భయం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

రోడ్డు

మున్సిపల్ బడి ఉన్న రోడ్డుని అందరూ బడి రోడ్డు అంటారు. పేరుకే అది బడి రోడ్డు. క్వారీల నుంచి వచ్చే కంకర లారీలు హైవే ఎక్కేది దాని మీదుగానే. లారీ వెళ్లిన ప్రతిసారీ తెల్లటి దుమ్ము లేచి, బడి గోడ దాటి, వరండాలో కూర్చున్న పిల్లల మీద పడేది. గాలి ఇటు తిరిగిన రోజున బట్టీల పొగ కూడా దానికి తోడు. పిల్లలు బెంచీల మీది దుమ్ములో వేళ్లతో పేర్లు రాసుకునేవాళ్లు.

కోటమ్మ నా దగ్గర పార్కులో కాంట్రాక్టు మీద పనిచేసేది. ఆమె భర్త క్రషర్ లారీ డ్రైవరు. నాగమణి వాళ్లకు ఒక్కతే కూతురు, అప్పటికి రెండో తరగతి. పొద్దున్నే కోటమ్మ పిల్లని వెంటబెట్టుకొచ్చి, బడి గంట కొట్టేదాకా పార్కులో బెంచీ మీద కూర్చోబెట్టేది. ఆ పిల్ల దగ్గితే చివర్లో సన్నగా ఈల వేసినట్టు వినిపించేది. మా వైపు వాటిని పిల్లికూతలంటారు. నాకది మొదట్లో పట్టలేదు. పిల్లలన్నాక దగ్గుతారు అనుకున్నాను.

పట్టేట్టు చేసింది ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే డాక్టరమ్మ. ఆవిడ రోజూ మా పార్కుకు నడకకు వచ్చేది. మేమేమో పొద్దున్నే రాలిన ఆకులు ఊడ్చి, మూలన కుప్పపోసి అగ్గిపుల్ల గీసేవాళ్లం. ఎన్నేళ్లుగానో అదే పద్ధతి. ఆ పొగలోనే ఊళ్లోని పెద్దమనుషులంతా చేతులూపుకుంటూ గుండ్రంగా తిరిగేవాళ్లు. ఒకరోజు ఆవిడ నేరుగా నా దగ్గరికొచ్చి, "సూపర్‌వైజర్ గారూ, మంచిగాలి కోసం ఇక్కడికొస్తే మీరు పొయ్యి రాజేసి పొగ పెడుతున్నారు. అటు చూడండి ఒకసారి" అంది.

చూశాను. బెంచీ మీద నాగమణి రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి కూర్చుంది. ఊపిరి తీసిన ప్రతిసారీ భుజాలు పైకి లేస్తున్నాయి. ఆ మంట ముట్టించింది నేనే. అగ్గిపెట్టె ఇంకా నా చేతిలోనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

"ఊడ్చిన ఆకు కాల్చకపోతే ఏడ పెట్టాల సార్?" అని కోటమ్మ అడిగింది. పార్కు వెనక గుంట తవ్వించి అందులో పోయమన్నాను. ఏడాదికి అది మంచి ఎరువయింది. నా తప్పుల్లో దిద్దుకోవడానికి తేలికైనది ఇదొక్కటే.

సున్నం గీత

ఊరికి పెద్దవాళ్లెవరైనా వస్తున్నారంటే రోడ్డు ఊడ్చి, రెండు పక్కలా తెల్లగా సున్నప్పొడి గీత పోయడం మున్సిపాలిటీ అన్నాక ఎక్కడైనా ఉన్నదే. మిగతా ఊళ్లలో సంచీ కొనుక్కుని పొదుపుగా చల్లుతారు. మాకేం తక్కువ, బట్టీలవాళ్లు ట్రాక్టరు నిండా పంపేవాళ్లు. అప్పట్లో మాకొక కమిషనరు ఉండేవాడు. మంచివాడే, లంచగొండి కాదు. కానీ కంటికి కనిపించనిదేదీ పని కాదని ఆయన నమ్మకం. ఒకసారి ఎవరో పెద్దాయన వస్తున్నాడంటే, "గీత సన్నగా ఉందేందయ్యా, జానెడు వెడల్పు పోయించు" అన్నాడు. నేను జానెడున్నర పోయించాను. ఆయన మెచ్చుకుంటాడని.

ఆరోజు పిల్లల్ని బడి రోడ్డు పొడవునా జెండాలిచ్చి నిలబెట్టారు. కార్లు వచ్చాయి. ముందు కారు గీత మీదుగానే పోయింది, వెనకవన్నీ దాని వెంటే. సున్నమంతా లేచింది. కళ్లు నులుముకుంటూ, దగ్గుతూ, పిల్లలు జెండాలు ఊపారు. వరుసలో నాగమణి ఎక్కడుందా అని వెతికాను. కనిపించేసరికి టీచరమ్మ దాన్ని ఎత్తుకుని లోపలికి పరిగెడుతోంది.

మూడురోజులు కోటమ్మ పనికి రాలేదు. నాలుగోరోజు వచ్చి, నన్నేమీ అనకుండా పార పట్టుకుంది. "పిల్లకెట్టా ఉంది?" అంటే "కూతలు తగ్గినయ్ సార్. నిన్న కాస్త అన్నం తిన్నది" అంది. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

ఈ సున్నం గీతలు మానేద్దామని కమిషనరుతో అన్నాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గీత లేకపోతే మనం రోడ్డు ఊడ్చినట్టు వాళ్లకి ఎట్టా తెలుస్తది?" అన్నాడు. అనూషా, నీ ఉద్యోగంలో ఈ మాట నీకు వేరే వేరే నోళ్ల నుంచి వినిపిస్తుంది. మన పనిలో ముఖ్యమైనది గాలి, అది కంటికి కనపడదు. చూపించమనే పైవాళ్లకు చూపించడానికి మన దగ్గర ఏమీ ఉండదు. ఆ తొందరలోనే మనం తప్పులు చేస్తాం.

ఆరు నెలల పచ్చదనం

బడి హెడ్ మిస్ట్రెస్ వచ్చి గోడ పొడవునా చెట్లు పెట్టించమని అడిగింది. ఏం పెట్టాలో నాకు తెలుసు. కానుగ, వేప. రెండూ ఈ మట్టిలో పుట్టినవి, ఎండకు ఓర్చుకుంటాయి, ఆకు దట్టం. కాకపోతే నాలుగైదేళ్లు సాకాలి. కమిషనరు దగ్గర అదే చెప్పాను.

"నాలుగేళ్లకి నేనేడ ఉంటానో, నువ్వేడ ఉంటావో. ఆరు నెలల్లో పచ్చగా కనపడాల. మేక ముట్టకూడదు. అదేదో కోనోకార్పస్ అంట గదా, అన్ని ఊళ్లల్లో ఏస్తన్నారు. తెప్పించు" అన్నాడు.

ఆయన మీదికి నెట్టేసి తప్పుకోవచ్చు. కానీ నిజం చెప్పాలంటే నాక్కూడా ఆశ పుట్టింది. ఆ పిల్ల నాలుగేళ్లు ఆగలేదు కదా, ఆరు నెలల్లో దుమ్ము ఆగితే మంచిదే కదా అనుకున్నాను. తెప్పించి, ఒక్క రోజులో గోడ పొడవునా నాటించాను.

ఆ మొక్క మాట తప్పలేదు. ఏడాది తిరిగేసరికి గోడకంటే ఎత్తు పచ్చటి కంచె లేచింది. మా ఆఫీసులో గాలిని కొలిచే యంత్రాలేవీ లేవు. నాకు తెలిసిన పద్ధతి ఒకటే. సోమవారం సోమవారం తెల్ల చేతిరుమాలు తడిపి, వరండా స్తంభాన్ని ఒకేచోట తుడిచి చూసేవాణ్ణి. రుమాలు వారం వారం తెల్లబడుతూ వచ్చింది. నాగమణి బడి మానే రోజులు తగ్గాయి. "రాత్రిళ్లు పడుకుంటంది సార్" అని కోటమ్మ చెప్పినరోజు నేను మా ఆవిడ చేత పాయసం వండించుకున్నాను.

ఆ రోజుల్లోనే ఇంకో తెలివితక్కువ పని చేశాను. తనిఖీ ఉందని ఆకుల మీద దుమ్ము పోవడానికి ట్యాంకరు తెప్పించి పైపైన నీళ్లు చల్లించాను. దుమ్మంటే ఉత్త దుమ్మా, సగం సున్నం. తడి తగిలేసరికి ఆకు మీద గోడకు వెల్ల వేసినట్టు గట్టిపడింది. వారంలో సగం ఆకు మాడి రాలింది. కోటమ్మ ఒక ఆకు తెంపి గోటితో గీకి చూసి, "ముందు దులపాల సార్, ఆ తర్వాత కడగాల. మా ఆయన చొక్కా నేనట్టానే ఉతుకుతా. ముందే నీళ్లల్లో ముంచితే ఇంక పోదది" అంది. అప్పటినుంచి మా పనివాళ్లంతా వెదురు కర్రతో కొమ్మలు దులిపి, తర్వాత ధారగా నీళ్లు కొట్టేవాళ్లు. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

రెండో ఏడు చలికాలంలో కంచె పూసింది. చిన్న చిన్న పసుప్పచ్చటి ఉండలు, పూలని కూడా అనిపించవు. పదిరోజులకు నాగమణికి మళ్లీ పిల్లికూతలు. ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లలకూ తుమ్ములు, కళ్లమంటలు.

డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ నిదానంగా చెప్పింది. "ఈ పూల పుప్పొడి కొందరికి పడదంటున్నారు. నాగమణికి దానివల్లే వచ్చిందని నేను ఖాయంగా చెప్పలేను. చలికి కావచ్చు, బట్టీ పొగకి కావచ్చు. కానీ నాకూ అనుమానంగానే ఉంది."

ఖాయంగా చెప్పి ఉంటే ఏదో ఒకటి చేసేవాణ్ణి. అనుమానం అనేసరికి కాలూ చేయీ ఆడలేదు. కంచె ఉంచితే పూత పిల్లకి పడకపోవచ్చు. తీసేస్తే లారీ దుమ్ము పిల్ల ముక్కులోకే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండు వైపులా ఉన్నది ఆ పిల్లే.

జేబులో కాగితం

ఆలోచించగా ఒక దారి దొరికింది. పూత పట్టకుండా కంచెని నెలనెలా కత్తిరిస్తూ ఉండటం. ఈలోగా గోడ లోపలివైపు కానుగ మొక్కలు పెట్టడం. అవి తలెత్తు పెరిగాక కోనోకార్పస్‌ని ఒకటి విడిచి ఒకటి తీసేయడం. అలా చేస్తే బడికి దుమ్ము ఆపే అడ్డు లేని రోజంటూ ఉండదు. ఒక కాగితం మీద వివరంగా రాసుకున్నాను.

అప్పటికి పాత కమిషనరు బదిలీ అయిపోయి కొత్తాయన వచ్చాడు. కుర్రవాడు, ముక్కోపి. సిబ్బందిని అందరిముందూ కసిరేవాడు. కాగితం జేబులో పెట్టుకుని ఆయన గది దాకా వెళ్లడం, లోపల అరుపులు విని వెనక్కి రావడం. పదిరోజులు ఇదే తంతు. రిటైర్మెంటుకు ఎంతో దూరం లేదు, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. పిల్ల సంగతి గుర్తొచ్చినప్పుడు, రేపు కచ్చితంగా ఇస్తాను అనుకున్నాను.

పదకొండోరోజున టీవీలో కోనోకార్పస్ చెట్లు రోగాలు తెస్తాయని ఏదో వచ్చింది. ఊళ్లో అలజడి. మధ్యాహ్నం కమిషనరు పిలిచి, "రేపు సాయంత్రానికి ఊళ్లో ఒక్క చెట్టు కూడా కనపడకూడదు. మొదలంటా కొట్టించండి" అన్నాడు. కాగితం నా జేబులోనే ఉంది. చెయ్యి జేబు మీదికి వెళ్లింది కూడా. "అలాగే సార్" అని బయటికి వచ్చాను.

మర్నాడు రంపం మిషన్లు వచ్చాయి. కొట్టిన కొమ్మల్ని ట్రాక్టరుకెత్తే పని కోటమ్మ వాళ్లది. సగం రోడ్డు ఖాళీ అయ్యేసరికి ఆమె చేతిలో కొమ్మ పట్టుకునే నా దగ్గరికొచ్చింది.

"సార్, పూతకే గదా భయం? పూత కత్తిరిస్తే సరిపోయేది గదా. మొత్తం కొట్టేస్తే రేపటినుంచి దుమ్మునెవరు ఆపుతారు?"

నేను కాగితం మీద రాసుకున్న సంగతి చదువురాని మనిషి నోటివెంట వచ్చింది. "పైనుంచి వచ్చిన మాట కోటమ్మా" అన్నాను.

"పైనోళ్లకి మీరు చెప్పారా సార్?"

ఆమె నా మొహం చూసి, కొమ్మ తీసుకెళ్లి ట్రాక్టరులో వేసింది.

వారం తిరక్కుండానే నాగమణిని గుంటూరు తీసుకెళ్లారు. నాలుగురోజులు ఆక్సిజన్ పెట్టారు. నేను వెళ్లేసరికి మూతి మీద గొట్టంతో నిద్రపోతోంది. మంచం పక్కన కింద కూర్చుని ఉంది కోటమ్మ. నన్ను చూసి లేచింది. తిడుతుందనే అనుకున్నాను.

"ఈసారి ఏం మొక్క ఏస్తారు సార్?"

"కానుగ."

"ఎన్నేళ్లకి ఎదుగుద్ది?"

"నాలుగైదేళ్లు పడుతుంది."

ఆమె పిల్లవైపు చూసింది. "నాలుగేళ్లు దీన్ని ఏడ పెట్టాల సార్?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు ఆమే వెతుక్కుంది. బొల్లాపల్లి అవతల వాళ్లమ్మ ఊరు. కందిచేలు, మిరపచేలు, లారీలు తిరగని ఊరు. నాలుగో తరగతి మధ్యలో పిల్లని బడి మానిపించి అక్కడికి పంపించేసింది. బస్సెక్కించడానికి నేను వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?

దులుపు, కడుగు

ఆ తర్వాత నేను జంకడం మానేశాను. ధైర్యం వచ్చి కాదు, జంకితే ఏమవుతుందో చూశాను గనక. ముక్కోపి కమిషనరు దగ్గరికే వెళ్లి పిల్ల సంగతి మొత్తం చెప్పాను. ఆయన అరవలేదు. "ముందే ఎందుకు చెప్పలేదండీ?" అన్నాడు. ఆ మాట అరుపుకంటే ఎక్కువ తగిలింది. పదిరోజులు నేను భయపడింది ఈ మనిషికేనా అనిపించింది.

కానుగ నాటాం. ఈసారి రెండు వరుసలు. గోడ లోపల కానుగ, రోడ్డువైపు లారీ పొగగొట్టం ఎత్తున దట్టంగా ఉండే పొదలు. పొగ వచ్చేది నడుము ఎత్తులో అయితే, అడ్డు తలమీద ఉండి ఏం లాభం? ఇంకో సంగతి రుమాలు నేర్పింది. బజారు వీధిలో రెండు పక్కల చెట్లూ పైన కలిసిపోయి పందిరిలా ఉంటే ముచ్చటగా ఉందనుకునేవాణ్ణి. తుడిచి చూస్తే అక్కడ మసి ఎక్కువ. ఇరుకు వీధిలో పైన మూసేస్తే బళ్ల పొగ పైకి పోయే దారి ఉండదు. అందుకని కొమ్మలు పలచన చేయించాను. నీడ కావాలి, గాలి ఆడే సందూ కావాలి.

చెట్టు మీదే భారమంతా వేయకూడదని కూడా అప్పుడే అర్థమైంది. అది దుమ్ముని పట్టుకుంటుంది గానీ పుట్టకుండా ఆపలేదు. రోడ్డు తడిపి ఊడ్చేట్టు, లారీల మీద పట్టా కట్టేట్టు చేయడానికి అందరి కాళ్లూ పట్టుకున్నాను. మొట్టమొదట పట్టా కట్టింది కోటమ్మ భర్తే. ఎలా ఒప్పించావంటే, "కట్టకపోతే అన్నం పెట్టనన్నా సార్. రెండ్రోజులు హోటల్లో తిన్నాడు, మూడోరోజు కట్టాడు" అంది. ఆ రోడ్డులో అందరూ కట్టడంలేదు. సగం మంది పోలీసు కనపడితే కడతారు.

కానుగ వరుసను కోటమ్మ ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. దులపడం, కడగడం, పాదులు తీయడం అంతా ఆమే. ఆదివారాలు కూడా వచ్చేది. ఇతర పనివాళ్లు "ఏమే కోటమ్మా, చెట్లు నీకేమన్నా రాసిచ్చారా?" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆమె నవ్వి ఊరుకునేది.

ఏటా వేసవి సెలవులు అయిపోయే ముందు ఆమె నన్నొక మాట అడిగేది. "ఈ ఏడు పిల్లని తెచ్చుకోవచ్చా సార్?" నేను డాక్టర్ని కాను. డాక్టరమ్మ అప్పటికే బదిలీ అయి వెళ్లిపోయింది. ఆసుపత్రిలో కొత్తవాళ్లను అడిగితే మందులు వాడండి, దుమ్ములో తిప్పకండి అంటారట. మరి దుమ్ము తగ్గిందా లేదా అన్నది చెప్పాల్సింది నేనేనని ఆమె లెక్క. అదీ న్యాయమే. మొదటి ఏడు మొక్కలు మోకాలెత్తు. "ఇంకో ఏడాది చూద్దాం" అన్నాను. రెండో ఏడూ అదే అన్నాను. మూడో ఏడు చెట్లు నా తలను దాటాయి, అయినా అదే అన్నాను. అప్పటికి రిటైరయ్యాను కూడా. వద్దంటే నా మీద ఏ నిందా రాదు. ఆ తెలివి నాకుంది.

ఈ జూన్

ఈసారి కోటమ్మ ఇంటికే వచ్చింది. గడపలో నిలబడి, మంచినీళ్లు కూడా తాగకుండా చెప్పింది.

"సార్, మీరు ఇంకో ఏడాది అంటారని తెలుసు. మొన్న పిల్లకి జొరమొస్తే పోయినా. ఒళ్లు కాలిపోతంది, పక్కనే కూచున్నా. అమ్మమ్మా అమ్మమ్మా అని కలవరించింది సార్. ఒక్కసారన్నా నన్ను పిలవలా." అంతవరకూ నిబ్బరంగా ఉన్న మనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎనిమిదో తరగతికొచ్చింది. ఇంకో రెండేళ్లు పోతే నాకిక పిల్ల ఏడుంది?"

మూడు రోజులు గడువడిగాను. మూడు రోజులూ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం బడికి వెళ్లి స్తంభాన్ని తుడిచాను. వాచ్‌మన్ నాకు పిచ్చెక్కిందనుకున్నాడు. రుమాలు మునుపటిలా లేదు. అలాగని తెల్లగానూ లేదు. ఎవరైనా నాకు ఖాయంగా చెబితే బాగుండునని ఆ మూడు రోజులూ ఎంత ఏడ్చానో నాకే తెలుసు. చెప్పేవాళ్లు లేరు. ఈ ఉద్యోగంలో ఖాయం అనేది ఎప్పుడూ దొరకలేదు.

నాలుగోరోజు కోటమ్మతో "తీసుకురా" అన్నాను. మందు పీల్చే పంపు ఎప్పుడూ సంచీలో ఉండాలన్నాను. పూత కాలంలో, పొగమంచు రోజుల్లో ముక్కుకి గుడ్డ కట్టమన్నాను. ఇంకా ఏమేమో చెప్పాను. ఆమె మొదటి మాట తర్వాత ఏమీ విన్నట్టు లేదు.

అన్నానే గానీ, ఆ క్షణం నుంచి నాకు అన్నం సయించలేదు. ఇది రాస్తున్నది శ్రావణంలో. వాన పడుతోంది, గాలి కడిగినట్టుంది. దుమ్మూ పొగా మంచుతో కలిసి కిందికి దిగే నెలలు ముందున్నాయి. బడి రోడ్డుని వెడల్పు చేస్తారన్న మాట కూడా వినిపిస్తోంది. చేస్తే మొదట పోయేది రోడ్డువైపు పొదలు, ఆ తర్వాత కానుగలు. అనూషా, ఆ కబురు నీ బల్ల మీదికి వచ్చిన రోజునే నువ్వు లోపలికెళ్లి మాట్లాడు. పదిరోజులు ఆగకు. కోటమ్మను వెంటబెట్టుకుని వెళ్లు. ఆమెకంటే ఆ చెట్ల గురించి తెలిసినవాళ్లు మన ఆఫీసులో లేరు.

జూన్‌లో బడి తెరిచిన మొదటిరోజు నేను గేటుకు కాస్త దూరంలో నిలబడ్డాను. కోటమ్మ దులుపుకర్ర పట్టుకుని పనిలో ఉంది. నాగమణి వీధి మలుపు దగ్గర కనిపించింది. పొడుగైంది, రెండు జడలు. గుర్తుపట్టి చెయ్యూపింది. అంతలో బడి గంట కొట్టారు. ఆ పిల్ల సంచీ భుజాన సర్దుకుని, కానుగ వరుస పొడవునా పరుగు లంకించుకుంది. వద్దమ్మా అనబోయి ఆగిపోయాను. అటు కోటమ్మ కూడా కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నాగమణి గేటు దగ్గర ఆగింది. రెండు గుక్కలు ఊపిరి పీల్చుకుంది. నేను చెవులు రిక్కించాను. ఈల వినపడలేదు. నా మొహంలో ఏం కనపడిందో గానీ పకపకా నవ్వింది.

"ఏంది తాతయ్యా అట్టా చూస్తన్నావు? పిల్లలు ఉరకడం ఎప్పుడూ చూళ్లేదా?"

ఆ పిల్ల పరిగెత్తడం నేను చూడటం అదే మొదటిసారి.